ప్లాస్టిక్ తొడిగిన వీలునామా

భిలాయిలో మా టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన అమ్మాయిలు నెల తిరక్కుండానే ఒక మాట అడుగుతారు: "దీదీ, దుర్గ్‌లో వకీలు దగ్గర ఉద్యోగం వదులుకుని ఇక్కడికెందుకొచ్చారు?" రోజూ టెంపోలో అంతదూరం తిరగలేక అని చెబుతాను. నమ్ముతారు. పవర్ హౌస్ బజారు దగ్గర దుర్గ్ టెంపో ఒక్కసారి ఎక్కినవాళ్లెవరైనా నమ్ముతారు.

అసలు కారణం నా డైరీలో ఉంది. ఉద్యోగాలకు వెళ్లబోతున్న మీరు చదివితే ఉపయోగమేమోనని ఆ పేజీలు ముందు పెట్టుకుని రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. వాళ్లంతా ఇదే ఊళ్లో ఉన్నారు, బజార్లో ఎదురుపడుతుంటారు.

ఆ ఉద్యోగంలో చేరినప్పుడు నాకు ఇరవై ఒకటి. మా వకీల్ సాబ్ పెద్దాయన, దుర్గ్ మనిషి, ఆస్తి తగాదాలే ఎక్కువగా చూసేవారు. నాకు హిందీ, ఇంగ్లీషు టైపు వచ్చు. అది చాలామందికి వచ్చు. తెలుగు చదవడం రావడం వల్లే నన్ను తీసుకున్నారు. ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్‌లోని సెక్టార్ స్కూళ్లలో హిందీ చదువుకున్న మా ఈడు పిల్లలకు తెలుగు మాట్లాడటమే అంతంతమాత్రం. నాకు మా నాన్న షిఫ్టు లేని రోజుల్లో పట్టుబట్టి అక్షరాలు నేర్పాడు, తర్వాత దొరికిన పుస్తకమల్లా చదివాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ప్లాంటులో పనిచేసిన కుటుంబాలు తెచ్చే దస్తావేజులు, ఉత్తరాలు హిందీలోకి మార్చి టైపు చేయడం నా పని.

చదవడం రాయడమే తప్ప నాకు నోరు లేదు. ఎవరైనా ఏమైనా అడిగితే ముందు చెవులు ఎర్రబడేవి, తర్వాత ఎప్పటికో జవాబు వచ్చేది. మా ఆఫీసు మున్షీజీ, వకీల్ సాబ్ దగ్గర ముప్ఫై ఏళ్లుగా ఉన్న గుమాస్తా, వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు: "మా దగ్గర రెండు మిషన్లున్నాయి భయ్యా. ఒకటి చప్పుడు చేస్తుంది, రెండోది దాని ముందు కూర్చుంటుంది."

చేరిన రెండో ఏడు చలికాలంలో, వకీల్ సాబ్ కోర్టులో ఉన్న మధ్యాహ్నం పూట, ఒకావిడ వచ్చింది. అరవై దాటి ఉంటుంది. నేత చీర, చేతిలో స్టీలు డబ్బా. గుమ్మంలోనే నిలబడి, "తెలుగు సదివే పాప ఇక్కడే గదా?" అంది.

డబ్బాలోంచి ఒక కాగితం తీసింది. నాలుగు మడతలు. నాలుగు మూలలా పసుపు బొట్లు. "మా అన్నయ్య రాసినాడు. నాకు సదువు రాదు. ఓపాలి సదివి ఇనిపించు."

చదివాను.

"ఏటి పాపా, నీలో నువ్వే సదూకుంటున్నావు? గట్టిగా సదువు, ఇనబడ్డం నేదు."

అది వీలునామా. ప్లాంటులో షిఫ్టు లెక్కలు రాసే లాగ్‌షీటు వెనకవైపు, గుండ్రటి చేతిరాతతో ఉంది. క్యాంటీన్లో కూర్చుని రాయించాడట, నూనె మరకలు కూడా ఉన్నాయి. "కోహ్కాలో నేను కట్టుకొన్న ఇంటిలో ముందు గదియు వంటగదియు నా చెల్లెలు బతికి ఉన్నంతకాలము ఆమెవే. ఆమె పొయ్యి దగ్గర నుండి ఆమెను ఎవరును లేపరాదు. ఆమె తరువాత ఇల్లు యావత్తు నా ఇద్దరు కొడుకులకు సమానము." కింద ఆయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు. సాక్షులు తండ్రి పేరు గానీ ఊరు గానీ రాయలేదు. పేరు పక్కన ప్లాంటు పర్సనల్ నంబరు వేశారు, అంతే. జీతం చీటీ నుంచి ఆస్పత్రి పుస్తకం దాకా మనిషికి ఆ నంబరే గుర్తు కాబట్టి, వీలునామాకూ అదే చాలనుకున్నారు.

ఆవిడ కథ రెండు మాటల్లో చెప్పేసింది. అన్నగారి భార్య పోయేనాటికి ఆయన కొడుకులు ఐదేళ్లవాడు, రెండేళ్లవాడు. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింట ఉన్న ఈవిడను ఆయన భిలాయి తీసుకొచ్చాడు. పిల్లల్ని పెంచింది. వాళ్లు "అత్తా" అని పిలిస్తే వీధంతా అత్తే అంది. నేనూ అలాగే అన్నాను. అన్నగారు పోయి అప్పటికి నాలుగేళ్లు. పెద్ద కొడుకు కాంట్రాక్టు పనులు చేస్తాడు, చిన్నవాడికి ప్లాంటులో ఉద్యోగం. ఇద్దరూ వేరే చోట కాపురాలు. టౌన్‌షిప్ బయట, కోహ్కా ఇంట్లో ఆవిడ ఒక్కతే.

"కేసేమన్నా వేస్తారా?" అని అడిగాను, నాకు చేతనైనంత గట్టిగా.

"ఓలమ్మా, కేసేటి! ఆ గుంటలిద్దరినీ ఈ సేత్తో పెంచినాను. ఆలని కోర్టుకీడుస్తానా? పెద్దగుంటడు ఇల్లమ్ముదాం అంటన్నాడు. ఈ కాయితం ఉందని ఆడికి తెలుసు. ఆడు మరిసిపోనా పరవాలేదు, నాను మరిసిపోకూడదని సదివించుకుంటన్నాను."

ఇక్కడే నా మొదటి తప్పు. ఆ సాయంత్రం వకీల్ సాబ్‌కు ఒక్క మాట చెప్పవలసింది. అన్నకు కొడుకులు ఉండగా, చెల్లెలికి చట్టం ప్రకారం ఏ వాటా రాదు. ఆవిడకున్నదల్లా ఆ కాగితమే. దాన్ని సాక్షులు బతికుండగానే కోర్టులో రుజువు చేయించి ముద్ర వేయించుకోవాలి, ప్రొబేట్ అంటారు దాన్ని. మన వైపు అది తప్పనిసరి కాదు గానీ తగాదా వచ్చే వాసన ఉన్నప్పుడు చేయించుకోకపోతే మునిగిపోతారని వకీల్ సాబ్ ఎంతమందికో చెప్పడం నేను విన్నాను, ఆ ఉత్తరాలు నేనే టైపు చేశాను. కానీ ఆవిడ కేసు కోసం రాలేదు కదా, నా దగ్గరికి వచ్చింది కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ మధ్యాహ్నాలు నాకు ఇష్టంగా ఉండేవి. ఆ ఆఫీసులో నాకోసమని వచ్చే మనిషి ఆవిడొక్కతే.

నెలకోసారైనా వచ్చేది. డబ్బాలో నాకు వడియాలు కూడా తెచ్చేది. చదివినప్పుడల్లా మడతలు విప్పాలి, మళ్లీ వేయాలి. వేసవి వచ్చేసరికి మధ్య మడత చిరగడం మొదలైంది. ఒక చిరుగు సరిగ్గా అన్నగారి సంతకం పక్కకు వచ్చింది.

"ఏటి సేద్దును పాపా? సినిగిపోతంది."

అప్పట్లో పవర్ హౌస్ బజార్లో లామినేషన్ దుకాణం కొత్తగా పెట్టారు. సర్టిఫికెట్లు, రేషన్ కార్డులు, దేవుడి పటాలు, ఏదిచ్చినా ఐదు నిమిషాల్లో మెరుస్తూ బయటికొచ్చేది. నా టైపు సర్టిఫికెట్ కూడా చేయించుకున్నాను. "నేను చేయించుకొస్తాను అత్తా, ఇంక జన్మలో చిరగదు" అన్నాను. ఎవరూ అడక్కుండా నేను నోరు తెరిచి ఇచ్చిన సలహా బహుశా అదొక్కటే. ఇద్దరం టెంపోలో వెళ్లాం. ఆవిడ బయట బెంచీ మీద కూర్చుంది, నేను లోపలికి వెళ్లి చేయించాను. వేడివేడిగా ఉన్న దాన్ని ఆవిడ రెండు చేతులతో పట్టుకుని, మొహం దగ్గర పెట్టుకుని చూసుకుంది. "అద్దంలాగుంది" అంది.

వానలు మొదలయ్యాక పెద్ద కొడుకు ఇల్లు కొనేవాళ్లను తీసుకొచ్చాడు. వీలునామా ఏదీ లేదని రాసిచ్చి, ఇల్లు అప్పటికే అన్నదమ్ముల పేర మార్పించుకున్నాడు. అత్త ఈసారి పొద్దున్నే వచ్చింది, వకీల్ సాబ్ కుర్చీలో ఉన్నప్పుడు. పక్కింటివాళ్లు పంపారట.

"ఆస్తి నాకొద్దు బాబూ. నా పొయ్యి నాకుంటే సాలు" అంది. నేను హిందీలో చెప్పాను.

వకీల్ సాబ్ డబ్బాలోంచి కాగితం తీసి వేళ్లతో వంచారు. ప్లాస్టిక్ టపటపలాడింది. ఆయన మొహం మారిపోయింది. "ఇదెవరు చేశారు?"

నా వేళ్లు మిషను మీదే ఉండిపోయాయి. చెవులు మండుతున్నాయి. చెప్పబోయాననే ఇప్పటికీ అనుకుంటాను. అత్తకు హిందీ అంతగా రాదు గానీ ప్రశ్న అర్థమైంది. నా వైపు ఒకసారి చూసింది. "నానే సేయించినాను బాబూ. సినిగిపోతంటే" అంది.

వకీల్ సాబ్ ఆవిడను కూర్చోమన్నారు. తర్వాత మున్షీజీతో అన్నారు: "సంతకం నిజమా కాదా అని నిపుణుడికి పంపితే, పైన ప్లాస్టిక్ ఉంటే కలం ఒత్తిడి తెలియదు, సిరా తెలియదు, ఏమీ చెప్పలేనని రాసేస్తాడు. ఊడదీద్దామంటే సంతకం దాంతోనే ఊడొస్తుంది. ఇంక సాక్షులే దిక్కు."

అత్త వేలిముద్రతో ప్రొబేట్ అర్జీ వేశారు. సాక్షులను పట్టుకోవడానికి ఆ పర్సనల్ నంబర్లే ఆధారం. నంబర్లు చూడగానే మా నాన్న, "కోక్ ఓవెన్ల పాత బ్యాచీ వీళ్లు" అన్నాడు. నాలుగు రోజులు విచారించి వార్త తెచ్చాడు. ఒకాయన మొన్న చలికాలం చివర్లో పోయాడు. అంటే అత్త నాకు ఆ కాగితం మొదటిసారి చూపించినప్పుడు బతికే ఉన్నాడు, మా క్వార్టర్‌కు మూడు వీధుల అవతల. రెండో ఆయన రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి, పలాస దగ్గర సొంత ఊరు వెళ్లిపోయాడు. ఉత్తరం నేనే రాశాను. పదో రోజుకు జవాబొచ్చింది, తప్పక వస్తానని.

ఆయన చెప్పినట్టే వచ్చాడు. విచారణకు ముందురోజు మధ్యాహ్నం, స్టేషన్ నుంచి సరాసరి ఆఫీసుకు. డెబ్బైకి దగ్గర మనిషి, రెండు కళ్లలోనూ శుక్లాలు, చేతిసంచిలో పాత స్నేహితుల కోసం ఎండుచేపలు. మున్షీజీ ముక్కు మూసుకుని, "బిటియా, మన సాక్షికన్నా ముందు ఆయన సంచే వాంగ్మూలం ఇచ్చేస్తోంది" అన్నాడు. సంచిని వరండాలో మేకుకు వేలాడదీశాం. చుట్టుపక్కల పిల్లులన్నీ దాని కిందికి చేరాయి. అత్త నవ్వింది. ఆ కేసు నడిచినన్నాళ్లలో ఆవిడ నవ్వడం అప్పుడే చూశాను.

సాయంత్రం వకీల్ సాబ్ అందరినీ కూర్చోబెట్టి, రేపు ఏం అడుగుతారో చెప్పారు. చివర్లో కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అత్తను అడిగారు: "లామినేషన్ కాకముందు ఈ కాగితాన్ని మీరు కాక ఇంకెవరైనా చూశారా? చేయించేటప్పుడు పక్కన ఉన్నారా? ఆ మనిషి బోనెక్కి, ఇది అదే కాగితమని ఒక్క మాట చెబితే మనకు చాలా బలం."

దాన్ని నేనే తెలుగులో అత్తకు చెప్పాలి. చెప్పాను. నా గొంతు నాకే వినబడలేదు.

నాకెందుకు భయమో మీకు చెప్పాలి. బోనెక్కిన ఆడవాళ్లను ఎదుటి వకీళ్లు ఏమేం అడుగుతారో నాకు తెలుసు. ఆ వాంగ్మూలాల నకళ్లు టైపు చేసేది నేనే. ఎవరితో వెళ్లావు, ఎందుకు వెళ్లావు, ఇంట్లో చెప్పి వెళ్లావా, నీకు ఏమిస్తామన్నారు. పదిమంది మగవాళ్లు నిలబడి వింటుంటారు, వెనక బెంచీల్లో ఎవరో నవ్వుతారు. ఆ నవ్వులు కాగితం మీదికి రావు, టైపు చేసేవాళ్లకు మాత్రం తెలుస్తాయి. పైగా అప్పుడు చెబితే, మొదటి రోజు ఎందుకు చెప్పలేదనే మాట వస్తుంది. ఉద్యోగం పోతుంది.

అత్త నా మొహంలోకి చూసింది. తర్వాత మెల్లగా తల తిప్పేసుకుని, గోడమీది క్యాలెండరు చూస్తూ అంది: "ఎవులూ నేరని సెప్పు పాపా."

నేను హిందీలో చెప్పాను. "కోయీ నహీ, సర్." ఆ రెండు మాటలూ మాత్రం స్పష్టంగా వచ్చాయి.

మర్నాడు కోర్టు వరండాలో పిలుపు కోసం కూర్చున్నాం. పెద్ద కొడుకు అవతలి బెంచీ మీద ఉన్నాడు. కాసేపటికి లేచి వెళ్లి టీ, కచోరీ తెచ్చి అత్త ముందు పెట్టాడు.

"తిను అత్తా. పొద్దున్నుంచి ఏటీ తినుండవు."

"నువ్వు తిన్నావేటి?"

"తిన్నాను."

"అబద్దం. మొకం సూడు ఎలగుందో." కచోరీ విరిచి సగం అతనికిచ్చింది. అతను నిలబడే తిన్నాడు. గంట తర్వాత అదే మనిషి లోపల బోనులో నిలబడి, ఆ సంతకం తన తండ్రిది కాదని ప్రమాణం చేసి చెప్పాడు. చెబుతున్నంతసేపూ కిందికే చూశాడు. అత్త మాత్రం అతణ్నే చూస్తూ కూర్చుంది.

తర్వాత మన సాక్షి. వకీల్ సాబ్ అడిగినవాటికి బాగానే చెప్పాడు. క్యాంటీన్లో రాయించారు, స్నేహితుడు ముందు సంతకం పెట్టాడు, తర్వాత మేమిద్దరం పెట్టాం, నంబర్లు వేశాం. నంబరు కూడా తడుముకోకుండా చెప్పాడు.

ఎదుటి వకీలు కుర్రవాడు. మర్యాదగానే మాట్లాడాడు. వీలునామా తీసుకెళ్లి ముసలాయన చేతిలో పెట్టాడు. "బాబా, మీరు సంతకం పెట్టింది దీనిమీదేనా? బాగా చూసి చెప్పండి."

ఆయన కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. కిటికీ వెలుగు దానిమీద పడి మెరిసింది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. చూపు ఆనక బొటనవేలితో తడిమాడు. ముప్ఫై ఏళ్లు కోక్ ఓవెన్ల వేడి దగ్గర పనిచేసి మొద్దుబారిన వేలు. అంచు పట్టుకుని వంచాడు. ప్లాస్టిక్ టపటపలాడింది.

"నహీ సాబ్" అన్నాడు. "వో కాగజ్ థా. యే తో ప్లాస్టిక్ హై." అది కాగితం, ఇదేమో ప్లాస్టిక్ అని.

వెనక ఎవరో నవ్వారు.

వకీల్ సాబ్ లేచారు. లోపల సంతకం కనబడుతోంది కదా, చూసి చెప్పమని మళ్లీ అడిగారు. ముసలాయన మరోసారి ప్రయత్నించాడు. చివరికి మా వైపు తిరిగి, తెలుగులో అన్నాడు: "మెరుస్తంది బాబూ, అచ్చరం కనబడ్డం నేదు. నాను పెట్టింది మెత్తటి కాయితం. ఈ వస్తువు నానెప్పుడూ ముట్టుకోనేదు. దేవుడి మీద పెమాణం సేసినాను, అబద్దం సెప్పమంటారేటి?"

నేను మూడో బెంచీ చివర కూర్చున్నాను. ఒడిలో ఫైలు. లేచి నిలబడితే చాలు. నేను చేయించాను సర్, నేను చదివాను, నూనె మరక ఎక్కడుందో, ఏ మడత ఎక్కడ చిరిగిందో నాకు తెలుసు. ఆ వాక్యాలన్నీ హిందీలో, వరసగా, తప్పుల్లేకుండా నా తలలో టైపయ్యాయి. డైరీలో ఆ రాత్రి రాసుకున్నాను కూడా. కాళ్లు లేవలేదు. జడ్జిగారు తర్వాతి కేసు పిలిచారు.

ముసలాయన బయటికొచ్చి అత్త చేతులు పట్టుకున్నాడు. "తప్పు మాటాడినానేటి సెల్లీ?"

"నేదన్నయ్యా. నిజమే సెప్పినావు" అంది అత్త. ఆయన ఎండుచేపల సంచి ఆవిడకే ఇచ్చి రైలెక్కాడు.

తీర్పు రావడానికి మరో ఏడు పట్టింది. వీలునామా రుజువు కాలేదు. నకలు తెచ్చి అత్తకు తెలుగులో చదివి వినిపించమని వకీల్ సాబ్ నాకే ఇచ్చారు. నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది: లామినేషన్‌కు ముందు ఈ పత్రం ఎలా ఉండేదో చూసిన వ్యక్తిని ఎవరినీ అర్జీదారు ప్రవేశపెట్టలేదు. నేను దాన్ని దాటేసి తర్వాతి వాక్యానికి వెళ్లాను.

"ఇంకేటున్నాది?" అంది అత్త.

"అంతే అత్తా."

నేను లేచి చెప్పినంత మాత్రాన గెలిచేవాళ్లమో లేదో తెలియదు. గెలిచేవాళ్లం కాదేమో కూడా. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ప్రతిసారీ ఆ వాక్యం దగ్గర ఆగిపోతాను.

పైకోర్టుకు వెళదామంటే అత్త ఒప్పుకోలేదు. ఇల్లమ్మేశారు. చిన్నకొడుకు ఆవిడను తన క్వార్టర్‌కు తీసుకెళ్లాడు. మూసేసిన వరండాలో ఒక మంచం. రెండో అంతస్తు, వడియాలు పెట్టుకోవడానికి డాబా లేదు. వంటగది కోడలిది. ఆ పిల్ల చెడ్డది కాదు, చంటిపిల్లను చంకనేసుకునైనా కూర్చోబెట్టి అన్నం పెడుతుంది. అత్తకు కూర్చుని తినడం చేతకాదు, అంతే.

కొన్ని నెలల తర్వాత కోర్టు నుంచి వీలునామా అసలు ప్రతి వెనక్కి వచ్చింది. తపాలాలో పంపమన్నారు వకీల్ సాబ్. నేనిచ్చొస్తానన్నాను. అప్పటికే ఉద్యోగం మానేస్తున్నట్టు ఆయనకు చెప్పేశాను. ఎందుకని అడిగినప్పుడు జరిగిందంతా చెప్పాను. "ఆ రోజు అడిగినప్పుడు చెప్పుంటే తిట్టేవాణ్ని బేటీ. అంతకన్నా ఏం చేసేవాణ్ని?" అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. అత్త వరండాలో మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. దారి పొడవునా అనుకున్న మాటలు గుమ్మంలోనే చెప్పేశాను. కూర్చుంటే మళ్లీ చెప్పలేనని. ఆ రోజు నేను లేచి ఉండాల్సింది అత్తా, నావల్లే నీ ఇల్లు పోయింది.

ఆవిడ చేయి ఆగలేదు. "నువ్వు లెగవ్వని నాకు తెలుసు పాపా. అందుకే గదా అలగ సెప్పమన్నాను" అంది. కోపం లేదు ఆ మాటలో. అందుకే అది ఇంకా నా దగ్గరే ఉంది.

కాగితం ఇచ్చాను. చింతపండు చేతులు కొంగుకు తుడుచుకుని తీసుకుంది. ప్లాస్టిక్ మీద కోర్టు దుమ్ము ఉంటే కొంగుతో అదీ తుడిచింది. లోపల మూలల్లో పసుపు ఇంకా పచ్చగా ఉంది.

"సూడు, ఒక్క అచ్చరం సెదరనేదు. నువ్వు సెప్పినట్టే." మళ్లీ నా చేతికిచ్చింది. "ఓపాలి సదువు."

చదివాను. "కోహ్కాలో నేను కట్టుకొన్న ఇంటిలో ముందు గదియు వంటగదియు" అని మొదలుపెట్టాను. అత్త పెదవులు నాతో పాటు కదులుతున్నాయి. "ఆమె పొయ్యి దగ్గర నుండి ఆమెను ఎవరును లేపరాదు" దగ్గరకు వచ్చేసరికి నా గొంతు ఎంత పైకి వెళ్లిందో నాకు తెలియలేదు. వంటింట్లోంచి కోడలు తొంగిచూసింది.

అత్త నా మోకాలి మీద చేయి వేసింది.

"మెల్లగా సదువు పాపా" అంది. "లోపల సంటిది తొంగుంది."